మూత తియ్యకండి

డబ్బాకి మూత ఎందుకు పెడతారో నాకు పెళ్లయిన చాలా ఏళ్లకి గాని తెలియలేదు. నవ్వకండి. మీలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. మీ ఆవిడలు మొహమాటపడి చెప్పలేదు, అంతే.

ముందు నా సంగతి ఒక్క మాట. నాకు కుదురు లేదు. చిన్నప్పుడు మా భీమిలి ఇంటి పెరట్లో మా అమ్మ చిక్కుడు గింజ పాతితే, మొలకెత్తిందో లేదో అని రోజూ తవ్వి చూసేవాణ్ణట. నేను కాలేజీకి వెళ్లేదాకా మా ఇంట్లో చిక్కుడుకాయ కూర కొనుక్కునే తిన్నారు. పెద్దయ్యాక కూడా అంతే. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసి చూస్తాను. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసి, పడిందో లేదో అని డబ్బాని కొట్టి చూస్తాను. మా అమ్మాయి ఛాయని తట్టి లేపి, "నిద్ర పట్టిందా తల్లీ?" అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఇలాంటివాణ్ణి తీసుకెళ్లి భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్లు ఫౌండ్రీలో ఇంజనీరుగా వేశారు. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే చోటు. పోసిన అచ్చు చల్లారేదాకా దాని జోలికి వెళ్లకూడదు. ఆ ఓర్పు నాకు ఆ వర్క్‌షాపులో అలవాటు చెయ్యబోయి ఇద్దరు బాసులు బదిలీ చేయించుకున్నారు.

మా ఆవిడ సులోచన నాకు పూర్తిగా తిరగేసిన అచ్చు. నరసన్నపేట పిల్ల. మాట తక్కువ, ఉన్న ఆ కాస్తా చుర్రుమంటుంది. పెరుగు తోడు పెట్టిందంటే, తెల్లారేదాకా ఆ గిన్నె వైపు చూడను కూడా చూడదు. అదెలా సాధ్యమో నాకు ఇవాళ్టికీ అంతుబట్టలేదు.

ఇక కథ. మా తెలుగు చర్చి సంఘంలో క్రిస్మస్‌కి ఇంటికో కేకు ఉండదు. అందరికీ కలిపి ఒకటే, తలుపంత కేకు. రేకుల షెడ్డులో ప్రార్థనలు చేసుకున్న రోజుల నుంచీ దాన్ని చేసేది కృపమ్మగారు. ఆవిడ ఆస్పత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరయ్యారు. సంఘంలో ఆవిడ చేత సూది పొడిపించుకోనివాడు లేడు. అంచేత ఆవిడ ముందు మగాళ్లమందరం ఇప్పటికీ కొంచెం పక్కకి ఒరిగే కూర్చుంటాం.

ఆ ఏడు కృపమ్మగారి చేతులు వణకడం మొదలెట్టాయి. డిసెంబరు మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక ఆవిడ లేచి నిలబడి చెప్పేశారు.

"ఈ ఏడు కేకు సులోచన చేస్తాది. బాగా చేసిందా, ఇంక ఎప్పటికీ ఆ పిల్లే. పాడు చేసిందా, వచ్చే ఏటినుంచి మణిమాల."

మణిమాల అంటే మా పాటల బృందం నాయకురాలు. చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడుతుంది. అందుకే మైకు మణిమాల అంటాం, ఆవిడ వినకుండా. సులోచన కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మణిమాల సంఘమంతా వినేలా, "ఏటమ్మా, మీ నరసన్నపేటలో కేకంటే అరిసేనా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. సులోచన ఇంటికొచ్చి, తోమిన గిన్నెనే మళ్లీ మళ్లీ తోముతూ కూర్చుంది. అప్పట్నుంచి గుడిలో వెనక బెంచీ దాటి ముందుకి రాలేదు. అంచేత ఈ కేకు మా ఇంట్లో ఎంత పెద్ద సంగతో మీరే ఆలోచించుకోండి.

చేసే విధానమంతా కృపమ్మగారు నోటితోనే చెప్పారు. ఒక్కటే చిక్కు. బ్రౌన్ షుగర్ కావాలి. "తెల్లదాంతో చేస్తే రంగూ రాదు, రుచీ రాదు, మణిమాలకి చెప్పుకోడానికి మాత్రం వస్తాది," అన్నారు ఆవిడ. ఇన్నాళ్లూ వైజాగు హార్బరులో ఆవిడ తమ్ముడు ఓడలవాళ్ల దగ్గర అడిగి పంపించేవాడట. ఆ తమ్ముడు రిటైరైపోయాడు. ఇంక ఓడల్తో మనకేం పని?

నేను సైకిలేసుకుని ఖుర్సీపార్‌లో పోలయ్య కొట్టుకి వెళ్లాను. పోలయ్య ఏది అడిగినా ముందు లేదనేసి, తర్వాత అదేమిటో కనుక్కుంటాడు.

"పోలయ్యా, బ్రౌన్ షుగరుందా?"

"నేదు బాబూ. ఏటది?"

"పంచదారేనయ్యా. గోధుమరంగుగా, తడితడిగా ఉంటుంది."

"ఓస్, అదా! మొన్న వానల్లో గోనె తడిసిపోనాది. అచ్చం నువ్వు సెప్పినట్టే ఉంది. సస్తాలో, సవగ్గా ఇచ్చెస్తాను, అట్టుకెళ్లిపో."

ఉత్త చేతులతో ఇంటికొచ్చాను గాని, దారిలోనే నా బుర్రకి పదునొచ్చింది.

"సులోచనా, కొనక్కర్లేదు. ఇంట్లోనే చేసేద్దాం."

"ఎవరు?"

"నేను."

ఆవిడ చేతిలో చేట కింద పెట్టేసింది.

"అసలు బ్రౌన్ షుగర్ అంటే ఏమిటనుకున్నావు? పంచదార రేణువుకి పల్చగా మొలాసిస్ పూత. అంటే చెరకు మడ్డి. మా ఫౌండ్రీలో ఇసుక రేణువుకి అదే మొలాసిస్ రోజూ పూస్తున్నాం. నాకిది వెన్నతో పెట్టిన విద్య."

"ఇసక ఎవరూ తినరు కదండీ."

"సూత్రం ఒకటే."

"ఆ ప్లాంటు డ్రమ్ములోది గాని నా గడప తొక్కిందంటే, నేను రాయపూర్‌లో రైలెక్కెస్తాను. ఇప్పుడే చెప్తున్నాను."

"ఛ ఛ. మీ అన్నయ్య పంపిన అనకాపల్లి నల్లబెల్లం ఉంది కదా. కరిగించి, వడగట్టి, చిక్కగా పాకం పడితే మనకదే మొలాసిస్."

"అంతవరకూ బాగానే ఉంది. ముందు గ్లాసెడు పంచదారతో చేసి చూద్దాం."

"గ్లాసెడా! పోతపోసేవాడు గ్లాసుతో పోస్తాడా?"

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అవి పంచదార కంట్రోలు రోజులు. కార్డు మీద ఇచ్చేది కాకి ముక్కుకి కూడా అంటేది కాదు. ఈ కేకు కోసమని దసరా వెళ్లినప్పటి నుంచీ మా ఇంట్లో టీ బెల్లంతోనే. చుట్టాలొస్తే, "మాకు పంచదార పడదండీ," అని అబద్ధాలాడాం. అలా గుప్పెడు గుప్పెడుగా కూడబెట్టిన పంచదార అంతా ఒక్క డబ్బాలో ఉంది. అది పోతే ఇంక కేకు లేదు.

ఆదివారం మధ్యాహ్నం మోచేతులదాకా కడుక్కుని కూర్చున్నాను. పెద్ద పళ్లెంలో పంచదార గుట్టగా పోశాం. సులోచన చల్లారిన పాకం దారంలా పోస్తుంటే నేను వేళ్లతో నలుపుతూ కలిపాను. చూస్తుండగానే తెలుపు పోయి, భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లాక మిగిలే ఇసుక రంగు వచ్చింది. కమ్మటి వాసన. ఛాయ వచ్చి వేలు పెట్టి నాకి, "పప్పా, ఏక్‌దమ్ మస్త్ హై!" అంది.

సులోచన చిటికెడు తీసుకుని పిడికిట్లో నొక్కింది. ముద్దలా నిలబడి, వేలు తగలగానే పొడిపొడిగా విడిపోయింది.

"బాగుందండీ," అంది.

మా ఆవిడ నోటంట నా పని గురించి ఆ మాట రావడం అదే మొదలు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ పులకరింతలోనే ఉండిపోతే ఈ కథే ఉండేది కాదు.

ఆవిడ దాన్నంతా పెద్ద బిస్కెట్ల డబ్బాలో పోసి, మూత బిగించి, అలమారులో పెట్టింది.

"ఇంక మూత తియ్యకండి. గాలి తగిలితే గట్టిపడిపోతాది."

"ఆమాత్రం నాకు తెలీదా?"

"మీకు తెలుసుననే నా భయం."

ఆ సాయంత్రమే మూత తీశాను. ఎందుకంటే, పెట్టింది పెట్టినట్టు ఉందో లేదో చూడాలి కదా. ఉంది. మూత పెట్టేశాను. పెట్టాక సరిగ్గా పట్టిందో లేదో అనుమానమొచ్చింది. తీసి మళ్లీ పెట్టాను. ఆ డబ్బా మూత తీస్తే టప్పుమంటుంది. ఆ చప్పుడు మా ఆవిడకి స్నానాల గదిలోకి కూడా వినపడుతుంది.

"మూత!"

"ఊరికే!"

"ఊరికే ఎవరేనా మూత తీస్తారేటండీ?"

మర్నాడు వాసన కోసం తీశాను. ఆ మర్నాడు మా పక్క క్వార్టరు పార్థసారథికి చూపించడానికి తీశాను. పార్థసారథి కోక్ ఓవెన్స్‌లో ఇంజనీరు. ఎవరికి ఏ కష్టమొచ్చినా సలహా ఇస్తాడు. ఆ తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. ఆయన చిటికెడు నోట్లో వేసుకుని, "గురూ, ఫస్ట్ క్లాస్. కానీ కొంచెం తడిగా లేదూ?" అన్నాడు.

తడి!

అయ్యా, ఫౌండ్రీవాడి చెవిలో అనకూడని మాట అది. మా దగ్గర అచ్చులో తేమ ఉంటే, కరిగిన ఇనుము పోయగానే పేలుతుంది. తేమ అంటే మాకు పామును చూసినట్టే. అంతవరకూ నేను ముచ్చటపడ్డ ఆ తడి, ఆ క్షణం నుంచి నా గుండెల్లో కుంపటైంది. బూజు పడితే? పులిస్తే? కేకు పొంగకుండా పోతే? మణిమాల మైకు లేకుండానే మైకులో నవ్వితే?

ఇంకో విచిత్రం కూడా కనపడింది. మూత తీసినప్పుడల్లా డబ్బాలో మట్టం తగ్గుతోంది. పోతపోసిన ఇనుము చల్లారితే కొంచెం కుంచించుకుపోతుంది. ఆ తరుగు మేం ముందే లెక్కేసుకుంటాం. పంచదారకి కూడా తరుగుంటుందన్నమాట అనుకున్నాను. అంచుదాకా ఉన్న డబ్బా సగానికి దిగాక, ఇంత తరుగు ఏ లోహానికీ లేదే అనిపించింది గాని, ఇది కొత్త సరుకు కదా అని సరిపెట్టుకున్నాను. చదువుకున్నవాడు దేనికైనా కారణం చెప్పుకోగలడు.

శుక్రవారం నాకు సెలవు. సులోచన కేకు పిండి కలిపే పద్ధతి నేర్చుకోడానికి వైశాలి నగర్‌లో కృపమ్మగారింటికి వెళ్లింది. ఆటో మలుపు తిరగడం ఆలస్యం, నేను డబ్బా దించాను.

నులకమంచం మీద సులోచన పాత వాయిల్ చీర పరిచి, పంచదార ఎండబోసి, పైన ఇంకో చీర కప్పాను. భిలాయి చలికాలపు ఎండ మీకు తెలుసు కదా, పెదాలు కూడా పగులుతాయి. మధ్యాహ్నానికి చాలావరకు ఆరింది. దాన్ని డబ్బాలో పోసి, లోపల గాలి లేకుండా పచ్చడిబండతో దిమ్మిస కొట్టినట్టు గట్టిగా కూరాను. అయినా వేలికి కాస్త జిగట తగిలింది. సిగిడీ కుంపట్లో బొగ్గులు కనకనలాడటం మాని బూడిద పడుతున్నాయి. డబ్బా తీసుకెళ్లి దాని మీద పెట్టాను. వెచ్చటి వాసన వచ్చింది. దించి, చల్లార్చి, తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను. ఆ వారమంతటిలో నా మనసు కుదుటపడింది ఆ ఒక్క గంటే.

సాయంత్రం సులోచన మెరుస్తున్న మొహంతో వచ్చింది.

"రేపు మధ్యాహ్నం కృపమ్మగారొస్తారండీ. పంచదార కళ్లతో చూసేకే పిండి కలపమన్నారు. బేకరీవాడికి కూడా చెప్పేసేను, ఎల్లుండి భట్టీలో మన కేకు ఒక్కటే పెడతాడు. మణిమాలొదిన కూడా వస్తాదట."

"రానీ! రానీ!" అన్నాను ఛాతీ విరిచి. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే, ఆ ఉత్సాహం పట్టలేక టప్పుమని మూత తీసి, చెంచా దించాను.

చెంచా దిగలేదు.

ఇంకొంచెం నొక్కాను. చెంచా వంగింది. డబ్బా మీద వేలితో కొట్టి చూశాను. ఇనప దిమ్మని కొడితే వచ్చే చప్పుడు వచ్చింది.

పంచదార పోయిందన్న బాధ కన్నా, అరిసె మాట అన్న రోజు సులోచన గిన్నె తోముతున్న వైనం కళ్ల ముందు కదిలింది. ఆవేళ నేను కూడా నవ్వాను. ఇప్పుడు మిగతావాళ్ల చేత కూడా నవ్వించబోతున్నాను.

మర్నాడు పొద్దున్న సులోచన ఎండు ద్రాక్షలూ గుడ్లూ కొనడానికి బజారుకి వెళ్లగానే నేను డబ్బా బోర్లించి బాదాను. దిమ్మ మొత్తం ఒక్కటిగా జారి గచ్చు మీద పడింది. డబ్బా అడుగున ఉన్న కంపెనీ ముద్ర దాని మీద అక్షరం పొల్లుపోకుండా దిగింది. చప్పుడుకి పార్థసారథి పరిగెత్తుకొచ్చాడు.

"క్యా హువా గురూ? గోడేమైనా..." అని దిమ్మని చూసి ఆగిపోయాడు. చుట్టూ తిరిగాడు. వంగి తట్టి చూశాడు. "మొలాసిస్ కలిపేవు, సరే. తర్వాత ఏం చేసేవు?"

"ఎండబెట్టేను. కూరేను. కాస్త వేడి చేసేను."

"మీ ఫౌండ్రీలో కోర్ ఎలా చేస్తారు?"

కోర్ అంటే, పోతలో బోలుగా ఉండాల్సిన చోట పెట్టే ఇసుక దిమ్మ. ఇసుకలో మొలాసిస్ కలుపుతాం, దిమ్మిస కొట్టి కూరుతాం, పొయ్యిలో పెట్టి కాలుస్తాం. అప్పుడది రాయవుతుంది. జీతం తీసుకుంటూ రోజూ చేయించే పనే.

"నువ్వు పంచదార చెయ్యలేదు గురూ. కోర్ చేసేవు. ఇంత మంచి కోర్ మీ షాపులో ఈ పదేళ్లలో వచ్చుండదు. ఫికర్ మత్ కరో, ఐడియా ఉంది."

ఆయన ఐడియా ప్రకారం మీద వేణ్ణీళ్లు చల్లాం. దిమ్మ మెత్తబడలేదు, పైపొర పాకమై గచ్చంతా పారింది. ఎక్కడెక్కడి చీమలూ కబురందుకున్నట్టు బయల్దేరాయి. తర్వాత కొబ్బరికోరు మీద అరగదీశాం. పంచదార రాలేదు గాని, కోరు పళ్లు రాలాయి. ఆఖరికి రోట్లో వేసి దంచుదామన్నాడు. రోలు వాకిట్లో ఉంది. రోకలి ఎత్తి బలంగా ఒక్క పోటు వేశాను. దిమ్మ పగల్లేదు. ఎగిరి, మెట్ల మీదుగా దొర్లుకుంటూ, గేటు దాటి రోడ్డు మీద పడింది.

రోడ్డు మీద ఒక ఆవుంది. ఆవుకి నాలాగే ఆత్రం ఎక్కువ. మేం గేటు దాటేలోగా నాకడం మొదలెట్టేసింది.

"హట్! హట్!" అన్నాడు పార్థసారథి.

ఆవు ఆయన్ని చూసింది. దిమ్మని చూసింది. దిమ్మే మేలనుకుంది. నేను ఒక పక్కన పట్టుకుని లాగుతుంటే అది రెండో పక్కన నాకుతూ నాతోపాటే నడిచొచ్చింది. గేటు వేసేశాక కూడా కదలకుండా బయటే నిలబడి, ఇంటి పేరు చదువుతున్నట్టు నా బోర్డు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంక మిగిలింది మోసం ఒక్కటే. పార్థసారథి పరిగెత్తుకెళ్లి వాళ్లావిడ లలితాంబగారి వంటింట్లో పంచదార ఉన్నదంతా ఊడ్చి తెచ్చాడు. మిగిలిన పాకంతో దాన్ని గబగబా కలిపాను. దిమ్మని కడిగి, తుడిచి, డబ్బా అడుగున దించి, పైన ఈ కొత్త పంచదార రెండంగుళాల మందాన పరిచాను. చూడ్డానికి బంగారంలా ఉంది. పైపైన చూసి మూత పెట్టేస్తారు, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను. తర్వాత సంగతి ఏమిటని మాత్రం అడక్కండి. అంతదూరం ఆలోచించగలిగితే మూతే తియ్యను.

మధ్యాహ్నం కృపమ్మగారు, వెనకాల మణిమాల, ఆటో దిగారు.

"మీ గేటు దగ్గర ఆవేటి జార్జీ? ఇంట్లోంచి ఎవరో రావాలన్నట్టు చూస్తంది," అన్నారు కృపమ్మగారు.

"దారి తప్పిందేమోనండి," అన్నాను, అలవాటు ప్రకారం పక్కకి ఒరిగి కూర్చుంటూ.

సులోచన నా వైపు ఒక్కసారి చూసింది. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. కృపమ్మగారు మూత తీసి, కళ్లద్దాలు సర్దుకుని, వేలితో కొంచెం తీసి రుచి చూశారు.

"రంగు బాగుంది. వాసనా బాగుంది. ఎవరు కలిపేరు?"

"నేనేనండి," అని మూత అందుకున్నాను. "ఇంక మూసేద్దామండి, గాలి తగిలితే గట్టిపడిపోతుంది కదా!"

"ఉండవయ్యా. అడుగునెలా ఉందో చూడాల కదా."

అని వణుకుతున్న చేత్తోనే చెంచా నిటారుగా పట్టుకుని, నలభై ఏళ్లు సూదులు పొడిచిన ఒడుపుతో ఒక్క పోటు పొడిచారు.

ఠంగ్!

బయట ఆవు అంబా అంది.

"అదేటి సులోచనా?" అంది మణిమాల, గొంతు సవరించుకుని. "అడుగున అరిసెలు గాని పేర్చేవా?"

నేను ఇంక ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను. "ఆవిడ తప్పేం లేదండీ. వద్దంటే మూత తీసింది నేను. ఎండబెట్టింది నేను, కాల్చింది నేను, పైన పూత పూసింది కూడా నేనే. దయచేసి ఆవిడకి కేకు మాత్రం తప్పించకండి. పంచదార ఎక్కడైనా పట్టుకొస్తాను, నడిచి వైజాగు వెళ్లమన్నా వెళ్తాను."

సులోచన నవ్వుతోంది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది.

"అది మా ఆయన డబ్బాండి," అంది కృపమ్మగారితో. "కేకుది ఇంకోటి."

లోపలికి వెళ్లి, మంచం కింద నుంచి ఆవకాయ జాడీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. మూతికి కట్టిన గుడ్డ విప్పితే, పైన ఒక కుండ పెంకు ముక్క, నీళ్లలో నానబెట్టి తుడిచి పెట్టింది. దాని కింద, నేను ఆదివారం కలిపినప్పుడు ఎలా ఉందో అలాగే, మెత్తగా, తడితడిగా పంచదార. జాడీ గొంతుదాకా ఉంది.

నేను డబ్బాని చూశాను. జాడీని చూశాను.

"మరి తరుగు?" అన్నాను.

"మీరు డ్యూటీకెళ్లినప్పుడల్లా నేను తీసుకుని దీంట్లో పోసేను. ఒక్కసారే తీసేస్తే తెలిసిపోతాదని. సగం డబ్బా ఖాళీ అయినా మీరు అడగలేదేటండీ?"

ఏం చెప్పమంటారు? శాస్త్రం నా నోరు మూయించిందని చెప్పనా?

"నేనే చెప్పేను దానికి ఆ ఉపాయం," అన్నారు కృపమ్మగారు, కుర్చీలో వెనక్కి వాలుతూ. "మా ఆయన చరోదా రైల్వే యార్డులో గూడ్సు గార్డు. సీలేసిన వేగన్లు తప్ప, మూతున్నది ఏదీ వదిలేవారు కాదు. మగాడి చేతికి ఒక డబ్బా ఇచ్చెయ్యాల. దాంతో ఆడుకుంటా ఉంటాడు. అసలుది బతికిపోతాది. ఏం మణిమాలా, మీ ఇంట్లో ఎలాగ?"

మణిమాల జాడీలోంచి చిటికెడు తీసుకుని నోట్లో వేసుకుంది. ఇంకో చిటికెడు కూడా తీసుకుంది. "మా ఇంట్లో రేడియో ఇచ్చేసేనండి. నెలకోసారి విప్పుతారు," అంది, మొదటిసారి మామూలు గొంతుతో.

క్రిస్మస్‌నాడు కేకు సంగతి నేను చెప్పడం ఎందుకు, ఆవేళ సంఘంలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు, నోళ్లు ఖాళీ లేక. పార్థసారథి కూడా వచ్చి, లలితాంబగారి పంచదార వాటాకింద అంటూ రెండు ముక్కలు పుచ్చుకున్నాడు. పాస్టరుగారు, "ఈ కేకు ఎవరి చేతి మహిమ?" అని అడిగితే కృపమ్మగారు సులోచన చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించి, మొదటి బెంచీలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. సులోచన మాత్రం లేచి నిలబడి, నా వైపు చూసి, "పంచదార కలిపింది ఆయనేనండి. నేను దాచేను, అంతే," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. తేమ అంటే నాకు భయం వెయ్యనిది ఆ ఒక్క రోజే.

ఇంటికి వస్తుంటే మెల్లిగా అడిగాను.

"మరి ఆ దిమ్మ?"

"తడి పెంకు ముక్క పెట్టి మూతేసేను. అలా వదిలేస్తే నాలుగు రోజులకి మెత్తబడతాది. ఆవు నాకిన వైపు మీ టీకి."

"ఆవు సంగతి నీకెలా తెలుసు?"

"అది ఇంకా గేటు దగ్గరే ఉందండీ," అంది. "మూత తియ్యకండి."

తియ్యలేదు. ఒట్టు. ఆ పూటంతా తియ్యలేదు. మర్నాడు పొద్దున్న సులోచన పెరట్లో బట్టలారేస్తోంది. నాకో సందేహం వచ్చింది. మెత్తబడటం మొదలెట్టిందో లేదో తెలియకపోతే, నాలుగు రోజులు చాలతాయో చాలవో ఎలా తెలుస్తుంది? ఒక్కసారి, టప్పుమనకుండా, గోటితో నెమ్మదిగా ఎత్తి చూస్తే ఏమవుతుంది, మీరే చెప్పండి?

పిల్లిలా నడిచి వెళ్లి మూత మీద చెయ్యి వేశాను.

ఘల్లుమంది.

వంగి చూశాను. మూత చుట్టూ దారం కట్టి ఉంది. దారానికి వరసగా, ఛాయ పాత పట్టీల మువ్వలు.

"ఏటండీ?" అని పెరట్లోంచి గొంతు.

"ఊరికే," అన్నాను.